మెట్లులేని వీణ

పాఠ్యభాగ పరిచయం

తీగను వేలితో నొక్కడానికి బదులు, దానిపై ఒక నున్నని కడ్డీని జారుస్తూ స్వరాలను పలికించే వాద్యాలు కొన్ని ఉన్నాయి. మన గోటువాద్యం, హవాయి దీవులలో పుట్టిన ఒడి గిటారు ఆ కోవకు చెందినవి. వాటిని వాయించే పద్ధతిని, వాద్యకారులు ఒకరిపట్ల ఒకరు పాటించవలసిన మర్యాదను ఈ పాఠం వివరిస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే, అది వినడం అని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సరస్వతీ వీణకు 24 మెట్లు ఉంటాయి. 2022లో పద్మశ్రీ పురస్కారం పొందిన దర్శనం మొగిలయ్య వాయించిన కిన్నెరకు 12 మెట్లు. స్వరం ఎక్కడ ఉందో మెట్టు చెబుతుంది. వేలు కొద్దిగా వెనుకకు పడినా మెట్టు తీగను సరియైన చోటనే ఆపుతుంది. కాబట్టి మెట్టు వాద్యకారునికి తోడునీడ వంటిది. గోటువాద్యానికి ఆ తోడు లేదు. దానికి మెట్లు లేవు. ఎడమచేతిలోని కొయ్యముక్క ఎక్కడ ఆగితే అక్కడే స్వరం. ఆగవలసిన చోటును చూపే గురుతు చెవి ఒక్కటే.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పదమూడవ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన 'సంగీత రత్నాకరం'లో ఏకతంత్రి అనే ఒంటితీగ వీణ ప్రస్తావన ఉంది. దానిని వాయించేటప్పుడు ఎడమచేతిలో కమ్రిక అనే వెదురుముక్కను పట్టుకొని తీగపై జార్చేవారు. తరువాతి కాలంలో దక్షిణదేశంలో గోటువాద్యం రూపుదిద్దుకొన్నది. దీనినే చిత్రవీణ అనీ, మహానాటక వీణ అనీ అంటారు. తిరువిడైమరుదూరు సఖారామారావు ఈ వాద్యంలో ప్రసిద్ధుడు. గాయకునిగా పేరొందిన సెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ చిన్నతనంలో కొంతకాలం ఈయన వద్ద శిష్యరికం చేశాడు. పాట నేర్వదలచిన బాలుడు వాద్యకారుని ఆశ్రయించడంలో వింత లేదు. జారి పలికే తీగ కంఠానికి దగ్గరి చుట్టం. సఖారామారావు శిష్యుడైన నారాయణ అయ్యంగార్ మైసూరు ఆస్థానంలో ఈ వాద్యానికి గొప్ప గౌరవం తెచ్చాడు.

స్వరం నుండి స్వరానికి తెగకుండా సాగే ఈ కదలికకు మన సంగీతశాస్త్రంలో 'జారు' అని పేరు. ఇది అచ్చమైన తెలుగుమాట. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రచించగా 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' గమకాలలో జారును ఒకటిగా చెప్పి, పైకి జారడానికి ఒక గుర్తును, కిందికి జారడానికి మరొక గుర్తును నిర్ణయించింది. జారడం అంటే పట్టు తప్పడం అని లోకవ్యవహారం. సంగీతంలో మాత్రం పట్టు ఉన్నవాడే జార్చగలడు.

ఇదే తత్త్వం సముద్రాల అవతల మరొక రూపంలో వెలసింది. హవాయి దీవులకు చెందిన జోసెఫ్ కెకుకు విద్యార్థి దశలో, సుమారు 1889 ప్రాంతంలో, గిటారును ఒడిలో వెల్లకిల పెట్టి ఉక్కుముక్కతో తీగలను తాకుతూ వాయించే పద్ధతిని పెంపొందించాడు. స్టీల్ గిటారు అనే పేరు ఆ ఉక్కుముక్కను బట్టి వచ్చిందే కాని, గిటారును ఉక్కుతో చేసినందువల్ల కాదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనతో అమెరికా అంతటా ఆ నాదం వ్యాపించింది. 1930వ దశకం ఆరంభంలో రికెన్‌బ్యాకర్ సంస్థ తయారుచేసిన విద్యుత్ గిటారు కూడ ఒడిలో పెట్టుకొని వాయించేదే. వ్యాపారపరంగా విజయం సాధించిన తొలి విద్యుత్ గిటారు అదే. హవాయి కళాకారుడు టౌ మో 1940వ దశకంలో కుటుంబంతో కలకత్తాలో నివసించి ఈ వాద్యాన్ని మనదేశంలో పరిచయం చేసినవారిలో ఒకడైనాడు. అనంతరం బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీనిపై హిందుస్తానీ రాగాలను పలికించాడు. విశ్వమోహన్ భట్ అదనపు తీగలను చేర్చి మోహనవీణను రూపొందించాడు.

ఇక వాయించే పద్ధతిని గమనిద్దాం. ఒడి గిటారులో తీగలు పలకకు ఎత్తుగా ఉంటాయి. పలకపై గీతలు కనిపించినా అవి మెట్లు కావు, గురుతులు మాత్రమే. కడ్డీని ఆ గీతకు సరిగ్గా పైన, గీతకు సమాంతరంగా నిలపాలి. మామూలు గిటారు వాయించినవారు అలవాటు కొద్దీ గీతకు వెనుక నిలుపుతారు. అప్పుడు స్వరం తగ్గి పలుకుతుంది. కడ్డీని నొక్కరాదు. దాని బరువు తీగపై ఆనితే చాలు. నొక్కినకొద్దీ తీగ సాగి శ్రుతి పెరుగుతుంది, నాదం కరుకెక్కుతుంది.

తీగ పొడవుకు, స్వరానికి గల సంబంధాన్ని కూడ తెలుసుకోవాలి. మీటే తీగ నిడివి సుమారు 22 అంగుళాలు ఉన్నదనుకొందాం. సరిగా సగంలో, అంటే 11 అంగుళాల వద్ద కడ్డీని నిలిపితే పై షడ్జమం పలుకుతుంది. మొదటి స్వరస్థానం తీగ మొదలు నుండి సుమారు అంగుళంబావు దూరంలో ఉంటుంది. నడిమి భాగం దాటేసరికి పక్కపక్క స్వరాల మధ్య దూరం అందులో సగమే. పైకి పోయినకొద్దీ స్వరాలు దగ్గరవుతాయి. కింద పట్టింపు లేని చిన్న తేడా పైన పెద్ద అపస్వరమవుతుంది. కనుక పై స్థాయిలో వేగం కంటె నిదానం ముఖ్యం.

కడ్డీ జరిగినప్పుడు దాని వెనుకనున్న తీగభాగం కూడ అదిరి రొద చేస్తుంది. దానిని అణచడానికి ఎడమచేతి చివరి వేళ్లను కడ్డీ వెనుక తీగలపై మెత్తగా ఆనించాలి. కుడిచేయి ఒక తీగను మీటుతూ, పని ముగిసిన తీగను అంచుతో తాకి ఆపాలి. కొత్తగా నేర్చుకొనేవారు మీటడంపైనే దృష్టి పెడతారు. నేర్పరులు ఆపడంపై అంతే దృష్టి పెడతారు. అవసరం లేని ధ్వనిని ఆపగలిగినప్పుడే అవసరమైన ధ్వనికి విలువ వస్తుంది.

సాధనకు ఒక క్రమం ఉన్నది. ముందుగా తంబురా శ్రుతిని వింటూ స్వరాన్ని నోటితో పాడాలి. తరువాత కన్నులు మూసుకొని అదే స్వరాన్ని తీగపై వెదకాలి. దొరికిన తరువాతనే కన్నులు తెరచి గీతను చూడాలి. స్వరాన్ని చేరి, నిలిచి, ఆ తరువాతనే దానిని ఊపాలి. చేరకముందే ఊపినచో ఆ కంపనం అపస్వరాన్ని దాచే తెర అవుతుంది. సిరిసిల్ల నేతకార్మికులకు ఈ సూక్ష్మం కొత్త కాదు. పడుగులో ఒక్క పోగు వదులైనా బట్టలో ఆ లోపం కనిపిస్తుంది. వాద్యంలో ఒక్క తీగ వదులైనా రాగమంతటా ఆ లోపం వినిపిస్తుంది.

చెవి ఇంత పదునెక్కిన వాద్యకారునికి ఇతరుల తప్పులు కూడ వెంటనే వినిపిస్తాయి. మర్యాద ప్రశ్న ఇక్కడనే తలెత్తుతుంది. వినిపించిన ప్రతి తప్పును ఎత్తిచూపడమే విద్వత్తు అనుకొనేవారు ఉన్నారు. మన సంప్రదాయం మాత్రం అలా చెప్పదు. కర్ణాటక కచేరీలో ప్రధాన గాయకుడు ఆలాపన చేస్తుండగా వయొలిన్ విద్వాంసుడు నీడవలె అనుసరిస్తాడు. అనంతరం గాయకుడు మౌనం వహించి అతనికి అవకాశమిస్తాడు. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు వాయిస్తున్నంతసేపు గాయకుడు చేతితో తాళం వేస్తూ వింటాడు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయంలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరపడం ఆనవాయితీ. ఇటువంటి ఉత్సవాలలో పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడతారు, వాయిస్తారు. ఆ గోష్ఠిలో ఒక్కరు తమ గొంతును లేదా వాద్యాన్ని పైకెత్తినా గోష్ఠి చెడుతుంది. గొప్పవారు కూడ అక్కడ పదిమందిలో ఒకరై ఉంటారు.

శాస్త్రీయ సంగీతంలోనే కాదు, జానపద కళలలోనూ ఈ మర్యాద ఉన్నది. వేములవాడ సమీపంలోని హనుమాజీపేట ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములు ఊరు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి.నారాయణరెడ్డి పుట్టిన ఊరు కూడ అదే. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక మాట అంటే వంతపాడేవాడు దానిని అందుకొని ముందుకు నడుపుతాడు. డోలు మాటకు చోటిస్తుంది, మాట డోలుకు చోటిస్తుంది. ఒకరిని ఒకరు వినకపోతే కథ సాగదు.

ఒకే జాతి వాద్యాలు వాయించేవారు కలిసినప్పుడు పోటీ కలగడం సహజం. దానిని గెలిచినవారి ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. 1992లో విశ్వమోహన్ భట్, అమెరికాకు చెందిన రై కూడర్ కాలిఫోర్నియాలో ఒక ప్రార్థనామందిరంలో కూర్చొని కలిసి వాయించారు. ఇద్దరూ తీగపై జార్చి వాయించేవారే. ఒకరిది రాగసంప్రదాయం, మరొకరిది అమెరికా జానపద సంప్రదాయం. అంతకుముందు ఇద్దరూ కలిసి వాయించినవారు కారు. ఒకరు పలికినప్పుడు మరొకరు తగ్గడం, తగ్గినవారికి మొదటివారు మళ్లీ చోటివ్వడం ఆ సంగీతమంతటా వినిపిస్తుంది. 1993లో వెలువడిన ఆ సంపుటికి 1994లో గ్రామీ పురస్కారం లభించింది. ఎవరి పద్ధతి సరియైనదన్న వాదానికి దిగి ఉంటే ఆ సంగీతం పుట్టేది కాదు.

నేడు నేర్చుకొనేవారు గురువు ఎదుటనే ఉండనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. పగలంతా పనిచేసి, రాత్రి గదిలో ఒక పాత గిటారును ఒడిలో పెట్టుకొని సాధన చేసే యువకుణ్ణి ఊహించండి. అతడు తన వాద్యాన్ని ఫోనులో ముద్రించి తెలిసినవారికి పంపుతాడు. కోరుట్లలో ఉన్న మరొక వాద్యకారుడు దానిని విని ఒక మాట అంటాడు. ఎదుట ఉన్న శిష్యుని ముఖం చూసి గురువు తన మాటను సరిదిద్దుకోగలడు. దూరాన ఉన్నవాని ముఖం మనకు కనిపించదు. అందుచేత ఆ మాటను మరింత తూచి అనవలసి ఉంటుంది. "నీకు శ్రుతిజ్ఞానం లేదు" అన్న మాట ఏమీ నేర్పదు. "కడ్డీని గీతకు కొద్దిగా వెనుక నిలుపుతున్నావు, సరిగా పైకి తెచ్చి చూడు" అన్న మాట ఆ రాత్రే అతని వాద్యాన్ని బాగుచేస్తుంది. రెండు మాటలూ ఒకే తప్పును గురించినవే. మొదటిది చెప్పడానికి తప్పు వినిపిస్తే చాలు. రెండవది చెప్పడానికి ఆ తప్పుకు కారణం కూడ వినిపించాలి.

దీనిని బట్టి వాద్యకారులు పాటించవలసిన కొన్ని నియమాలు ఏర్పడతాయి. ఇతరులు వాయిస్తుండగా తన తీగలను సవరించుకోరాదు. ఒకరి వాద్యం చవకదని చులకన చేయరాదు. శ్రుతి కూర్చే పద్ధతులు అనేకం గనుక తనదొక్కటే సరియైనదని పట్టుబట్టరాదు. దోషం చెప్పవలసి వస్తే పూర్తిగా విన్న తరువాత, ఒకసారికి ఒకటి మాత్రమే చెప్పాలి. పదిమంది ఎదుట కాక విడిగా చెప్పడం మేలు. ఒక మెలకువ ఎవరివద్ద నేర్చుకొన్నారో వారి పేరు చెప్పడం రుణం తీర్చుకోవడమే. అడిగినవారికి తెలిసినది దాచకుండా చెప్పడం విద్యకు చేసే సేవ.

మెచ్చుకోలు విషయంలోనూ వివేకం అవసరం. బాగులేనిదానిని బాగున్నదని పొగడడం మర్యాద కాదు. అది శిష్యుని దారి తప్పిస్తుంది. నిజం చెప్పాలి, కాని అది విన్నవాడు మరునాడు మళ్లీ వాద్యాన్ని చేతికెత్తుకొనేటట్లు చెప్పాలి. వీణ, వయొలిన్ నేర్పేవారు మన ఊళ్లలో సులభంగా దొరుకుతారు. గోటువాద్యం, ఒడి గిటారు వాయించేవారు తెలుగునాట బహు కొద్దిమంది. గురుశిష్యుల పరంపర సన్నగా ఉన్నచోట ఒక్క పరుషవాక్యానికి ఒక సాధకుడు వాద్యాన్ని మూలకు పెడితే, ఆ నష్టం అతనిది మాత్రమే కాదు, ఆ కళది కూడ.

మెట్లులేని వీణపై స్వరాన్ని బలంతో పట్టుకోలేము. మెత్తగా తాకి, విని, సరిచేసుకొని చేరుకోవాలి. తోటి వాద్యకారుని మనస్సుకు కూడ మెట్లు లేవు. దానిని చేరే దారీ ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

కోవ : తరగతి, వరుస
కమ్రిక : తీగపై జార్చే వెదురుముక్క
గమకం : స్వరాన్ని కదిలించి అందగించే విధానం
అపస్వరం : శ్రుతి తప్పిన స్వరం
పడుగు : మగ్గంపై నిలువుగా ఉండే దారాలు
గోష్ఠి : కూటమి, సమూహం
ఆనవాయితీ : ఆచారం
పరుషవాక్యం : కఠినమైన మాట

వ్యాకరణాంశాలు

ఆరాధనోత్సవాలు = ఆరాధన + ఉత్సవాలు : గుణసంధి
రాజరాజేశ్వర = రాజరాజ + ఈశ్వర : గుణసంధి
గురుశిష్యులు = గురువును, శిష్యుడును : ద్వంద్వ సమాసం
పరుషవాక్యం = పరుషమైన వాక్యం : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. ఒడి గిటారును వాయించే పద్ధతిని పాఠం ఆధారంగా వివరించండి.
2. వినడం వాదన నైపుణ్యానికీ మర్యాదకూ మూలమని రచయిత ఎట్లా నిరూపించాడు?

ఆ) సంగ్రహ సమాధానం రాయండి.
1. తీగ పొడవుకు, స్వరస్థానానికి గల సంబంధం ఏమిటి?
2. ఒగ్గుకథలో కనిపించే పరస్పర మర్యాదను తెలపండి.
3. తోటి వాద్యకారుని దోషాన్ని ఎట్లా చెప్పాలి?

ఇ) ఏకవాక్య సమాధానం రాయండి.
1. గోటువాద్యానికి గల ఇతర నామాలు ఏవి?
2. 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఏ సంవత్సరంలో అచ్చయింది?
3. స్టీల్ గిటారుకు ఆ పేరు ఎట్లా వచ్చింది?