మజిలీ మజిలీకి ఒక వింత

చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద భారత ఉత్సవాలు జరుగుతాయి. పగటిపూట హరికథ, రాత్రివేళ వీధినాటకం. పద్దెనిమిది పర్వాల కథను ఏ కళాకారుడూ ఒక్కనాటిలో ముగించడు. నాటికి కొంత చెప్పి, తక్కినదాని కోసం శ్రోతను మరునాటివరకు నిలుపుతాడు. కాబట్టి పెద్దపంజాణి వంటి ఊరిలో పెరిగిన విద్యార్థికి, కథను సగంలో విడిచి ఇంటికి పోవడంలోని తీపీ బాధా రెండూ తెలిసే ఉంటాయి. శ్రోతలోని ఈ కుతూహలమే పునాదిగా తెలుగులో పన్నెండు సంపుటాల అద్భుత కథామాలిక ఒకటి వెలసింది. అదే ‘కాశీమజిలీ కథలు’. రచయిత మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928).

‘మజిలీ’ అనే మాట అరబ్బీలోని ‘మంజిల్’ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. బాటసారులు రాత్రికి బస చేసే తావు అని అర్థం. రైలు మార్గాలు లేని కాలంలో కాశీయాత్ర నెలల తరబడి సాగే కాలినడక ప్రయాణం. “కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం” అని పెద్దలు అనేవారంటే ఆ దారిలోని కష్టం ఎంతటిదో ఊహించవచ్చు. అటువంటి యాత్రకు తోడు వెదకుకొంటున్న మణిసిద్ధునితో ఒక గోపకుమారుడు బయలుదేరడానికి ఒప్పుకొన్నాడు. అయితే ఒక నియమం పెట్టాడు. దారిలో తాను చూచిన వింతను గూర్చి అడిగితే, ఆ మజిలీలో దాని కథ చెప్పాలి. చెప్పలేకపోతే తాను వెనుదిరిగి పోతాడు.

ఈ నియమంలో ఒక చమత్కారం ఉన్నది. మణిసిద్ధుడు చదువుకొన్నవాడు, గోపకుడు పశువుల కాపరి. ఇద్దరిలో గురుస్థానం ఎవరిదో చెప్పనక్కరలేదు. అయినా ప్రయాణం ముందుకు సాగాలా, ఆగిపోవాలా అన్నది ఆ పిల్లవాని ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది. ప్రశ్నించేవాడు లేనిదే ఈ గ్రంథంలో ఒక్క అడుగు కూడా పడదు. పన్నెండు సంపుటాలలోనూ నాకు అందరికంటె ఇష్టమైన పాత్ర ఆ గోపకుడే.

మామూలు కథలో కారణం ముందు, కార్యం వెనుక వస్తాయి. ఇక్కడ అది తారుమారవుతుంది. ముందుగా వింత కనబడుతుంది. అది ఎందుకు అట్లున్నదో పాఠకునికి తెలియదు. తరువాత మణిసిద్ధుడు తన వద్దనున్న మణి మహిమచే జరిగినదంతా గ్రహించి చెబుతాడు. రాజకుమారులు, మాంత్రికులు, శాపగ్రస్తులైన గంధర్వులు కథలోనికి వస్తారు. ఒక కథలో మరొక కథ పుడుతుంది. చిట్టచివరకు చిక్కుముడి విడిపోయి, మొదట చూచిన వింత సహజమైనదిగా తోస్తుంది. నేటి అపరాధ పరిశోధక నవలల అల్లిక కూడా ఇటువంటిదే కదా!

మరి దీనిని విజ్ఞాన కల్పన అనవచ్చునా? అనడానికి వీలులేదు. ప్రతి వింతకూ ఒక కారణం ఉండి తీరుతుందన్న పట్టుదల శాస్త్రజ్ఞునికీ గోపకునికీ సమానమే. కాని శాస్త్రజ్ఞుడు ఆ కారణాన్ని పరిశీలించి, పరీక్షించి, తప్పులు దిద్దుకొంటూ రాబట్టుకోవలసి ఉంటుంది. మణిసిద్ధునికి ఆ శ్రమ లేదు. మణి చెప్పినది నిజమా కాదా అన్న సందేహం కథలో ఎవరికీ రాదు. అద్భుత కథకూ విజ్ఞాన కల్పనకూ నడుమ గల సరిహద్దు ఆ మణియే.

ఆ సరిహద్దు మీద నిలిచి వ్రాసిన చిన్న నవల విశ్వనాథ సత్యనారాయణ గారి ‘హాహా హూహూ’. 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన ఈ మహాకవిలో ఇంతటి హాస్యప్రియుడు ఉన్నాడని చాలామంది ఎరుగరు. లండను నగరంలోని ట్రఫాల్గర్ స్క్వేరులో గుర్రపు ముఖమూ మానవ శరీరమూ గల జీవి ఒకటి కనబడుతుంది. అది గంధర్వుడు. పేరులోని హాహా, హూహూ అనేవి మన పురాణాలలోని గంధర్వుల పేర్లు. జనం గుమికూడుతారు. పండితులూ శాస్త్రజ్ఞులూ తర్కిస్తారు. తమకు తెలిసిన ఏ జంతువర్గంలోనూ ఆ జీవి ఇమడదు. ఇక్కడ చిక్కు విప్పడానికి మణి లేదు. పైగా గంధర్వుడే తనను పరీక్షింపవచ్చిన వారి జ్ఞానాన్ని తిరిగి పరీక్షకు పెడతాడు. పరాయి పాలనలో “మీకు ఏమి తెలియును?” అన్న ప్రశ్నను ఎదుర్కొన్న జాతి నుండి వచ్చిన రచయిత, ఆ ప్రశ్నను లండను నడిబొడ్డున నిలిపి అడిగించడం యాదృచ్ఛికం కాదు.

కాశీమజిలీ కథలను నేటి విద్యార్థి స్వయంగా చదవబోతే ఆ గ్రాంథిక భాష, దీర్ఘ వర్ణనలు కొంత అడ్డుపడతాయి. స్త్రీలను గూర్చి, కులాలను గూర్చి అందులో కనబడే కొన్ని అభిప్రాయాలు ఆ కాలానివే గాని మనం అంగీకరింపదగినవి కావు. అయినప్పటికీ ఆ పుస్తకాన్ని తెరవనివారు కూడా అందులోని లోకాన్ని ఎరుగుదురు. 1951లో విడుదలైన ‘పాతాళభైరవి’ చిత్రానికి మూలం ఈ కథలలో ఉన్నదని ప్రసిద్ధి. ఆ చిత్రాన్ని నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947లో ‘చందమామ’ మాసపత్రికను ప్రారంభించారు.

చందమామలో 1954లో ‘తోకచుక్క’ అనే ధారావాహిక మొదలయింది. ఆ తరువాత ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వంటివి వచ్చాయి. చిత్ర గారి బొమ్మలలో మొసలి ముఖాలవారు, పాడుపడిన కోటలు, మంత్రదండాలు పిల్లల కన్నుల ముందు నిలిచేవి. ప్రతి భాగం చివర “ఇంకా ఉంది” అన్న మాట వచ్చేది. ఆ మాట చూచిన పిల్లవానికి నెల రోజులు ఒక యుగం. ఇంతకూ ఇవి వ్రాసినది ఎవరు? ఆ పత్రికలోనే ఉద్యోగి అయిన దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010). ధారావాహికల మీద ఆయన పేరు ఉండేది కాదు. రెండు తరాల పాఠకులు ఆ కథలను ప్రాణప్రదంగా చదివారు. వారిలో అనేకులకు రచయిత పేరు తెలిసే నాటికి తమ పిల్లలు కూడా పెద్దవారైనారు.