ముక్కులోంచి రక్తం వస్తే

ప్రశ్న: నిన్నటిదాకా గంతులేసిన మా కుక్క ఇవాళ ముద్ద ముట్టలేదు. ముక్కులోంచి రక్తం కారింది. ఇంటిల్లిపాదీ దిగులుపడుతున్నాం.
– ఒక పాఠకురాలు, మాన్వి

జవాబు: రక్తం అన్నారు కాబట్టి, అమ్మా, నా మొదటి అనుమానం పిడుదుల జ్వరం మీదే. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకండి. పిడుదులు కనిపించకపోయినా అనుమానం వదలొద్దు. పెదవి ఎత్తి చూడండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే ఒక్క పూట కూడా ఆగకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రక్తపరీక్షలో ఆ జ్వరమే అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడతారు. నాలుగు రోజులకే లేచి తిరిగినా మందు మానొద్దు.

పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ లాంటి మన మాత్రలు కుక్కకు విషంతో సమానం, సొంతంగా వేయొద్దు. మీది వరి పండే ప్రాంతం కదా, ఇంట్లోగానీ పొలంలోగానీ ఎలుకల మందు పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. దానివల్లా రక్తం కారుతుంది. ఎలుకల మందుల్లో విటమిన్ కె విరుగుడుగా పనిచేసే రకాలున్నాయి. పెట్టి ఉంటే ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.