కొత్త మందు అధ్యయనంలో చేరమంటే ఏం చేయాలి?

రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే మనలో చాలామంది ముందు షుగరు, తర్వాత కొలెస్టరాల్ చూస్తారు. దాని దగ్గరే ట్రైగ్లిజరైడ్లు అని మరో అంకె ఉంటుంది. దాన్ని పట్టించుకునేవారు తక్కువ. మనం తిన్న అన్నం, చక్కెర, నూనెల్లో శరీరానికి అప్పటికి అవసరం లేనిది ఈ కొవ్వుగా మారి రక్తంలో తిరుగుతుంది, ఒంట్లో నిల్వ చేరుతుంది. పరగడుపున తీసిన డెసిలీటరు రక్తంలో 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 200 నుంచి 499 వరకు ఎక్కువ. 500 అంతకు మించితే మరీ ఎక్కువ. అక్కడి నుంచి క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం పెరుగుతూ పోతుంది. అదుపులో లేని మధుమేహం, స్థూలకాయం, మద్యం, కదలిక లేని జీవితం దీన్ని పెంచుతాయి. కొందరికి వంశపారంపర్యంగానూ వస్తుంది. బిర్యానీ తర్వాత డబల్ కా మీఠా, ఆ పైన తియ్యటి షర్బత్‌తో సాగే మన దావత్‌ల సంగతి వేరే చెప్పనవసరం లేదు.

ఈ సమస్య ఉన్నవారిని ఆసుపత్రిలో ఒక్కోసారి ఇలా అడుగుతారు: “దీనికి కొత్త మందు మీద అధ్యయనం జరుగుతోంది, స్వచ్ఛందంగా చేరతారా?” ఇంటికొచ్చి చెబితే ఒకరు “మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు, వద్దు” అంటారు. మరొకరు “మందులు ఊరికే ఇస్తారట, సంతకం పెట్టేయండి” అంటారు. ఈ రెండు మాటలూ విషయం తెలుసుకుని అన్నవి కావు.

మొదట ధర్మం సంగతి. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధన. వైద్యం కావాలంటే మందు కావాలి, మందు పనిచేస్తుందో లేదో ఎవరో ఒకరి మీద చూడక తప్పదు. ఈ సంగతి మన పూర్వ వైద్యులకు బాగా తెలుసు. రయ్ నగరానికి చెందిన అబూబక్ర్ అర్‌రాజీ (865-925) మెదడు పొరల వాపు రోగుల్లో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి తీయించకుండా ఉంచి, రెండు జట్లనూ పోల్చి చూశారు. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో మందును పరీక్షించే నియమాలు రాస్తూ, జంతువు మీద కనిపించిన ఫలితం మనిషి విషయంలో నిజం కాకపోవచ్చని హెచ్చరించారు. మన కాలంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2006లో అమ్మాన్‌లో సమావేశమై, మనుషులపై వైద్య పరిశోధనకు షరతులతో కూడిన నియమావళిని ఆమోదించింది. ఆ షరతుల్లో ముఖ్యమైనది, పాల్గొనే వ్యక్తి అన్నీ తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇచ్చే సమ్మతి.

అధ్యయనం అంటే చికిత్స కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. డాక్టరు మందు రాస్తే అది మన కోసం. అధ్యయనంలో ఇచ్చేది, ఆ మందు గురించి ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం కోసం. పాల్గొనేవారిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు చాలాసార్లు అచ్చం అలాగే కనిపించే, మందు లేని మాత్ర. ఎవరికి ఏది అందిందో రోగికీ, చాలా సందర్భాల్లో డాక్టరుకూ తెలియదు.

దీనివల్ల లాభమేమిటంటారా? పెమాఫైబ్రేట్ అనే మందు సంగతి చూడండి. మధుమేహంతో పాటు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న 10,497 మంది 24 దేశాల నుంచి ఆ అధ్యయనంలో పాల్గొన్నారు. 2022లో ఫలితాలు వచ్చాయి. ఉత్తి మాత్ర జట్టుతో పోలిస్తే మందు జట్టులో ట్రైగ్లిజరైడ్లు నాలుగో వంతుకు పైగా తగ్గాయి. కాగితం మీద ఆ అంకె చూస్తే ఎవరైనా అల్‌హందులిల్లాహ్ అంటారు. కానీ గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గలేదు. అంకె తగ్గింది, ఆపద తగ్గలేదు. ఆ వేలమంది ముందుకు రాకపోతే, గుండెకు రక్షణ అనుకుని మన ఇళ్లలోని పెద్దలు ఏళ్ల తరబడి ఆ మాత్ర మింగేవారేమో. మందు పనిచేయలేదని తేల్చడం కూడా జనానికి చేసిన సేవే. అల్లాహ్ ప్రసన్నత కోరి చేరినవారి సంకల్పం ఫలితం తారుమారైనంత మాత్రాన వృథా పోదు.

వేరే రకమైన ఫలితాలూ ఉన్నాయి. శుద్ధిచేసిన చేపనూనె మందు రోజుకు 4 గ్రాములు ఇచ్చి 8,179 మందిపై జరిపిన అధ్యయనంలో గుండె సంబంధ ఆపదలు నాలుగో వంతు తగ్గినట్టు 2018లో వెల్లడైంది. రెండో జట్టుకు ఇచ్చిన నూనె విషయమై నిపుణుల్లో ఇప్పటికీ వాదన ఉంది. మన దేశంలోనే తయారైన సారోగ్లిటజార్ కూడా ఇలాంటి పరీక్షలు దాటాకే 2013లో అనుమతి పొందింది.

సంతకం ఎవరిది?

భయపడేవారి మాటను కొట్టిపారేయలేం. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాలు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరు బయటపడింది. తల్లిదండ్రులు పెట్టవలసిన చోట ఎన్నో ఫారాలపై హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ జరిగిన అన్యాయం టీకాలో లేదు, ఆ సంతకంలో ఉంది.

మన ఇళ్లలోనూ ఈ జాడ్యం ఉంది. భార్య చేరవలసిన అధ్యయనానికి భర్త తల ఊపుతాడు, ముసలి తండ్రి బొటనవేలిని కొడుకు పట్టుకుని ముద్ర వేయిస్తాడు. సలహా చెప్పే హక్కు ఇంటివారికి ఉంది. కానీ సూది గుచ్చుకునేది ఎవరి ఒంటికో, అవునో కాదో చెప్పవలసింది వారే. అమ్మీజాన్‌కు తెలుగు ఫారం చదవడం రాకపోతే ఆమెకు తెలిసిన భాషలో, నమ్మకమైన సాక్షి ఎదుట, విడమరిచి చెప్పాలి.

ఇప్పుడు చట్టం కూడా మన పక్షాన ఉంది. 2009 జూన్ నుంచి మన దేశంలో ఇలాంటి పరీక్షలను ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి. 2019 నాటి నిబంధనల ప్రకారం నైతిక సంఘం ఆమోదం లేనిదే కొత్త మందు పరీక్ష మొదలు కారాదు. ఆ సంఘంలో వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. కనుక రిజిస్ట్రీ నంబరు అడగండి. నైతిక సంఘం ఫోను నంబరు ఫారంలో ఉందో లేదో చూడండి. ఫారం ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదవండి. ఇక్కడే, ఇప్పుడే సంతకం చేయాలని తొందరపెడితే లేచి వచ్చేయండి. దారిఖర్చులు తీసుకోవడంలో దోషం లేదు. డబ్బు ఆశతోనే చేరుతున్నామా అన్నది మాత్రం ఎవరి మనసును వారే అడగాలి.

చేరిన తర్వాత మన వైపు నుంచీ ఒక అమానత్ ఉంది. మాత్రలు డస్ట్‌బిన్‌లో పారేసి వేసుకున్నామని చెప్పడం ద్రోహం. ఆ అబద్ధం లెక్కల్లో కలిసి రేపటి రోగులకు చేటు చేస్తుంది. హకీం ఇచ్చే యునానీ మందు వాడుతుంటే చెప్పాలి. మద్యం అలవాటు ఉందా అని అడుగుతారు. పక్కన బావమరిది ఉంటే సిగ్గుతో ‘లేదు’ అనేవారున్నారు. డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడాలని కోరండి. మద్యం హరామ్ అన్నది వేరే మాట, డాక్టరుకు నిజం దాచడం వేరే మాట.

క్యాప్సూల్ తొడుగులో వాడే జిలాటిన్ పశువుల నుంచీ రావచ్చు, పంది నుంచీ రావచ్చు. సంతకానికి ముందే అడిగి, అవసరమైతే మీ ఆలిమ్‌ను సంప్రదించండి. రమజాన్ మధ్యలో వస్తుందేమో కూడా చూసుకోండి. రక్తం ఇవ్వడానికి సాధారణంగా 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, మంచినీళ్లు తాగవచ్చు. అది రోజా కాదు. రోజాలు ఉంటే మాత్రల వేళలు సహ్రీకి, ఇఫ్తార్‌కు మార్చవచ్చో లేదో డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు మార్చుకోవద్దు.

ఇక మధ్యలో మానుకోవాలనిపిస్తే కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. దానివల్ల ఆ ఆసుపత్రిలో మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు. మానుకునేటప్పుడు డాక్టరుకు చెప్పి, మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చి, చివరి రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.