సూర్యుని కొలువు

శ్రీకాకుళ పట్టణమునకు అనతిదూరమున అరసవల్లియందు సూర్యనారాయణస్వామి ఆలయము కలదు. క్రీస్తుశకము 7వ శతాబ్దమున కళింగరాజగు దేవేంద్రవర్మ దీనిని నిర్మించెనని ప్రతీతి. మార్చి, అక్టోబరు నెలలయందు కొన్ని దినములు బాలభానుని కిరణములు గర్భాలయమున ప్రవేశించి స్వామి పాదములను స్పృశించును. ఆ దృశ్యమును చూచుటకై భక్తులు వేలకొలదిగా చేరుదురు. సూర్యుడు ఏ మాసమున ఏ దిక్కునకు జరిగి ఉదయించునో ఎఱిగిన శిల్పులే అట్టి ద్వారమును నిలుపగలరు.

నేడు ఆ జ్ఞానము మఱియొక పనికి అక్కఱకు వచ్చుచున్నది. ఇంటికప్పుపై సౌరఫలకములను అమర్చువాడును సూర్యగమనమును ఎఱుగవలయును. శ్రీకాకుళము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 18 డిగ్రీల అక్షాంశముపై నున్నది. కావున సంవత్సరమున అధికభాగము మధ్యాహ్నసూర్యుడు దక్షిణపువైపున నుండును. అందువలన ఫలకమును దక్షిణాభిముఖముగా కొంచెము వాల్చి నిలుపుదురు. కొబ్బరిచెట్టు నీడ ఒక్క ఫలకముపై పడినను, దానితో వరుసగా కలిపిన తక్కిన ఫలకముల శక్తియు తగ్గవచ్చును.

ఫలకమునందలి సిలికాన్‌పై కాంతి పడినపుడు ఎలక్ట్రానులు చలించి విద్యుత్తు పుట్టును. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ప్రదర్శించిన సౌరఘటము తనపై పడిన కాంతిలో నూటికి 6 వంతులను మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేటి మేలైన ఫలకములు 20 వంతులకు పైగా మార్చుచున్నవి. ఇందుండి వచ్చు ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టరు అను యంత్రము ఇంటికి తగిన ఏకాంతర విద్యుత్తుగా మార్చును. ఫలకమునకు మీట లేదు. వెలుతురున్నంతసేపు అందు విద్యుత్తు పుట్టుచునే యుండును. శిక్షణ లేనివాడు దానిని తాకుట ప్రాణాపాయము.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటెను. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొఱిగెను. వేలకొలది విద్యుత్‌స్తంభములు విఱిగి గ్రామములు చీకటిలో మునిగెను. వెలుగును మరల తెచ్చినది పని నేర్చిన కార్మికుల చేతులే. ఇట్టి తీరమున ఫలకముల చట్రములు పెనుగాలికి నిలువవలెను. ఉప్పుగాలికి త్రుప్పు పట్టకుండవలెను. ఈ జాగ్రత్త తెలిసినవాడు ఊరిలోనే యుండుట మేలు.

కాని శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల యువకులు పనికై పూర్వము రంగూనుకు, పిదప విశాఖపట్టణము, హైదరాబాదులకు వలసపోవుట పరిపాటియైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కోటి ఇండ్లకప్పులపై సౌరఫలకములు అమర్చు పథకమును ప్రారంభించెను. పొరుగువారు వచ్చి అమర్చిపోయినచో, పని కొన్ని దినములలో ముగియును. కూలియు వారితోనే పోవును. ఊరివారు నేర్చినచో, అమర్చుటయే గాక ఏండ్ల తరబడి శుభ్రపఱచుట, పరీక్షించుట, మరమ్మతు చేయుట వారికి జీవనాధారము కాగలదు.

ఇందుకు మార్గములు పెక్కులు కలవు. పదవ తరగతి ముగించినవారు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను విద్యను గాని, పాలిటెక్నిక్కులో డిప్లొమాను గాని అభ్యసింపవచ్చును. అట్టి యువతీయువకులకై కేంద్రప్రభుత్వము 2015లో ‘సూర్యమిత్ర’ అను మూడుమాసముల శిక్షణను ప్రారంభించెను. ఉన్నతవిద్య కోరువారికి విజయనగరమున 2022లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక గురజాడ విశ్వవిద్యాలయము కలదు.

ఈ విద్యకు పునాది పాఠశాలయందే పడును. కోణమును సరిగా కొలుచుట, విద్యుద్వలయమును తప్పులేక గీయుట, లెక్కను సరిచూచుకొనుట అను చిన్న పనులే దీనికి తొలిమెట్లు. నాటి శిల్పి కిరణమును స్వామి పాదములకు నడిపించెను. నేటి విద్యార్థి దానినే పేదవాని ఇంటి దీపమునకు నడిపింపగలడు. ఇరువురికిని కావలసినది శ్రద్ధయే.