కరెంటు తీసిన నీళ్లు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊరు. మిర్యాలగూడకు దగ్గర. ఆ ఊళ్లో ఒక తల్లికి ఎకరం పొలం ఉంది. వానాకాలం వరి నాటు పెట్టింది. మూడు వారాలైనా పైరు ఎదగలేదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి.

పక్క పొలం అవ్వ గట్టు మీద నిలబడి చూసింది.

"కాలువ నీళ్లల్ల సారమేడుంది కోడలా? సాగర్ కాడ కరెంటు తీసుకొని, పిప్పి నీళ్లు మనకు వదులుతున్నరు" అన్నది.

ఈ మాట ఆ తల్లి ఇంతకు ముందూ విన్నది. నిజమే కాబోలు అనుకున్నది. చెరుకు రసం తీస్తే పిప్పి మిగులుతుంది. పెరుగులో వెన్న తీస్తే మజ్జిగ మిగులుతుంది. నీళ్లలో కరెంటు తీస్తే సారం పోదా? బోరు వేయిద్దామని ఆలోచన చేసింది. బోరు అంటే అప్పు. పడితే నీళ్లు, పడకపోతే అప్పే మిగులుతుంది.

ఆమె కూతురు తొమ్మిదో తరగతి. బడిలో సైన్సు ఫెయిర్ పెట్టారు.

"అమ్మా, నీళ్లతోని కరెంటు పుట్టించే మిషన్ చేస్త" అన్నది కూతురు.

"చెయ్యి బిడ్డా. ఆ కరెంటు నీళ్లల్ల నుంచి ఎట్ల తీస్తరో నేను కూడ చూస్త" అన్నది తల్లి.

సామాన్లకు పెద్ద ఖర్చు కాలేదు. తెగిన హవాయి చెప్పు, నూనె డబ్బా, సైకిల్ స్పోకు, పాత సీడీ ఇంట్లోనే దొరికాయి. నాలుగు చిన్న అయస్కాంతాలు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ బల్బు కొన్నారు. మోటార్ల వైండింగ్ కొట్టులో మిగిలిన సన్న రాగి తీగ ఇచ్చారు.

చెప్పు అట్టను గుండ్రంగా కోశారు. నూనె డబ్బా నుంచి ఎనిమిది రెక్కలు కత్తిరించి దాని అంచుకు గుచ్చారు. అదే నీటి చక్రం. ఒక చెక్క పలకకు రంధ్రం చేసి, అందులో ఖాళీ రీఫిల్ ముక్క దూర్చారు. దానిలో నుంచి స్పోకు పోయింది. కొబ్బరి నూనె చుక్క వేస్తే సులువుగా తిరిగింది. పలకకు ఇవతల నీటి చక్రం, అవతల సీడీ. రెండూ ఒకే స్పోకుకు బిగించారు. చక్రం తిరిగితే సీడీ కూడా తిరుగుతుంది. నీళ్లు అవతలి వైపుకు చిందకుండా పలక అడ్డం ఉంటుంది.

సీడీ మీద నాలుగు అయస్కాంతాలు అంటించారు. ఒకటి ఉత్తర ధ్రువం పైకి, పక్కది దక్షిణ ధ్రువం పైకి. అలా మార్చి మార్చి పెట్టారు.

తీగ చుట్టే పని తల్లి తీసుకున్నది. టార్చిలైటు సెల్లు చుట్టూ మూడు వందల చుట్లు చుట్టి, జారకుండా దారంతో కట్టాలి. అలాంటి చుట్టలు నాలుగు కావాలి. చుట్లు లెక్క తప్పకూడదు. ఆమె యాభై చుట్లకు ఒకసారి నోటు పుస్తకంలో అంకె రాసింది. 50, 100, 150... రాత్రి బడిలో నేర్చుకున్న అంకెలే. రెండు సాయంత్రాలు పట్టింది. నాలుగు చుట్టలనూ ఒకదానికొకటి కలిపి, సీడీకి ఎదురుగా, దానికి తగలకుండా, పలక మీద అంటించారు.

పిట్టగోడ మీద బకెట్ పెట్టి పైపు వేశారు. నీళ్లు ఆరడుగుల కిందికి దూకాయి. చక్రం గిర్రున తిరిగింది. బల్బు మాత్రం వెలగలేదు.

కూతురు మొహం చిన్నబోయింది. తల్లి తీగ కొస పట్టుకుని చూసింది.

"వైండింగ్ కొట్టుల ఆయన కొసలు బ్లేడుతోని గీకిండు బిడ్డా. మనం గీకినమా?" అన్నది.

అసలు సంగతి అదే. ఆ రాగి తీగ మీద కంటికి కనపడని వార్నిష్ పూత ఉంటుంది. అది గీకితే తప్ప కరెంటు ఒక తీగ నుంచి ఇంకో తీగలోకి పోదు. గీకి కలిపారు. అయినా వెలగలేదు. మర్నాడు బడిలో సైన్సు మేడం చెప్పింది. నాలుగు చుట్టలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఒకటి పుట్టించిన కరెంటును పక్కది కొట్టేస్తున్నది. ఒకటి విడిచి ఒకటి తిరగేసి పెట్టాలి. అలాగే పెట్టారు.

ఈసారి బల్బు మిణుకు మిణుకుమన్నది. చక్రం వేగం అందుకోగానే ఎర్రగా వెలిగింది.

రాగి తీగ దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతి 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. బడి చదువు కొంచెమే. పుస్తకాలు కుట్టే కొట్టులో పనికి కుదిరి, కుట్టే పుస్తకాలనే చదివి సైన్సు నేర్చుకున్నాడు. సాగర్ దగ్గర ఉన్న పెద్ద మిషన్లు కూడా ఆ సూత్రం మీదనే నడుస్తాయి.

అవ్వను పిలిచారు. అవ్వ చూసింది కానీ ఒప్పుకోలేదు.

"కరెంటు వచ్చింది సరే. నీళ్లల్ల సారం పోయింది గద?"

కూతురు బకెట్ లోపల నీళ్లు ఉన్నంత వరకు బొగ్గుతో గీత గీసింది. పైపు వదిలింది. బల్బు వెలిగింది. కింద తొట్టిలో పడిన నీళ్లనే మళ్లీ బకెట్‌లో పోశారు. మళ్లీ వెలిగింది. అలా ఐదుసార్లు. ఐదోసారి కూడా వెలుతురు తగ్గలేదు. నీళ్లు గీతకు కొంచెం కింద ఉన్నాయి. అవి చింది పోయినవి, ఒక చెంబెడు.

"సారం మొదటిసారే పోతే రెండోసారి ఎట్ల వెలుగుతది అవ్వా?" అన్నది కూతురు.

అవ్వ మాట్లాడలేదు. తల్లి భుజం రుద్దుకుంటూ, "ఐదుసార్లు బకెట్ పైకెత్తేసరికి నా రెక్కలు పడిపోయినయి" అన్నది.

"కరెంటు అండ్లకెళ్లే వచ్చిందమ్మా. నీ భుజం బలం నీళ్లను పైకెక్కించింది. నీళ్లు దూకి చక్రాన్ని తిప్పినయి."

కళ్లంలో గాలికి వడ్లు తూర్పార పడతారు. పొల్లు ఎగిరిపోతుంది. అంత మాత్రాన గాలి పాడైపోతుందా? నీళ్లూ అంతే. నీళ్లు పోగొట్టుకునేది ఎత్తు ఒక్కటే. కృష్ణ నీళ్లను మనుషులు ఎత్తరు. ఎండకు సముద్రం నీళ్లు ఆవిరై మబ్బులవుతాయి. కొండల మీద వానలు కురిసి నదిలో చేరతాయి. ఆ కృష్ణ నీళ్లే జూరాల దగ్గర కరెంటు ఇస్తాయి. కిందికి వచ్చి శ్రీశైలంలో ఇస్తాయి. మళ్లీ సాగర్‌లో. ఆ తర్వాత పులిచింతలలో. మొదటి చోటే సారం పోతే మిగతా చోట్ల మిషన్లు తిరగవు. సాగర్ డ్యామ్ దగ్గర పెద్ద పవర్‌హౌస్ 815 మెగావాట్లది. ఎడమ కాలువ మొదట్లో 60 మెగావాట్లది ఇంకొకటి ఉంది.

"మరి మా చిన్నప్పుడు వరద నీళ్లకు పంట బాగా వచ్చేది. అది అబద్ధమా?" అన్నది అవ్వ.

అబద్ధం కాదు. వరద నీళ్లు ఎర్రగా ఒండ్రు మోసుకొచ్చేవి. ఒండ్రు పొలానికి బలం. డ్యామ్ కడితే నీళ్లు నిలబడి, ఒండ్రు చాలా వరకు డ్యామ్ లోపలే అడుగుకు చేరుతుంది. కరెంటు తీయకపోయినా అది అక్కడే ఆగుతుంది. అవ్వ చూసింది నిజమే. అనుకున్న కారణం వేరు.

ఒక్క జాగ్రత్త. ఈ చిన్న బల్బు తీగలు పట్టుకుంటే షాకు కొట్టదు. ఇంటి కరెంటు అలా కాదు, ప్రాణం తీస్తుంది. పిల్లలు ఇలాంటి మిషన్ల తీగలను ఇంట్లో ప్లగ్గుకు ఎప్పుడూ కలపకూడదు.

ఇక పైరు సంగతి మిగిలింది. తప్పు నీళ్లది కాకపోతే మరి దేనిది? తల్లి పైరు నాలుగు మొక్కలు వేళ్లతో సహా పీకింది. తడిగుడ్డలో చుట్టుకుని మండల వ్యవసాయాధికారి దగ్గరకు పోయింది. ఆయన ఆకులు తిరగేసి చూశాడు. జింకు లోపం అన్నాడు. లీటరు నీళ్లకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజులకోసారి రెండు మూడు సార్లు కొట్టమన్నాడు. పంట కోశాక మట్టి పరీక్ష చేయించమన్నాడు.

తల్లి సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. తీగ చుట్లు లెక్క రాసిన పేజీ కిందనే రాసుకున్నది. జింకు సల్ఫేటు. లీటరుకు 2 గ్రాములు. ఐదు రోజులకు ఒకసారి.

"అయ్యా, బోరు సంగతి ఏమంటరు?" అని అడిగింది.

"కాలువ నీళ్లు వస్తుంటే బోరెందుకమ్మా?" అన్నాడు ఆయన.