ఎత్తుకోవడానికి గడువుంది, మాత్రకు గడువు లేదు



మాది కొత్తచెరువు. నాకు 24 ఏళ్లు. మా ఆయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో ఆయాసం మొదలైంది. కడుపుతో ఉన్నోళ్లకు మామూలేలే అన్నారు. కాన్పయినాక కూడా తగ్గకపోతే ఎకో తీయించారు. గుండెలో మైట్రల్ వాల్వు పూసుకుపోయిందని, పాపకు మూడో నెల నడుస్తుండగా ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు వేశారు.

ఇంటికొచ్చి రెండు నెలలవుతోంది. పాపను ఎత్తుకోవద్దన్నారు. ఏడిస్తే మా అత్త ఎత్తుకుంటుంది, నేను చూస్తూ కూర్చుంటా. ఇప్పుడు పాప కూడా ఆమె వైపే చెయ్యి చాస్తోంది. రక్తం పలచబడే మాత్ర పాలల్లోకి దిగుతుందని పాలు మాన్పించమంటున్నారు. మనసొప్పక ఎవరూ లేనప్పుడు ఇస్తున్నా. ఆకుకూర తినొద్దని ఎవరో అంటే పూర్తిగా మానేశా. ఇంట్లో చేసిన బాలింత కాయం మాత్రం తింటున్నా. పోయిన నెల రక్తపరీక్షకు పోవాల్సింది, తోడొచ్చేవాళ్లు లేక పోలేదు. రాత్రి అందరూ పడుకున్నాక గుండెలో టిక్కుటిక్కుమని వినిపిస్తుంది, నిద్ర పట్టదు. పాప పుట్టిన వేళ మంచిది కాదని ఇరుగుపొరుగు అంటున్నారు. వచ్చే ఏడు మగపిల్లోడు పుడితే అన్నీ సర్దుకుంటాయని మా అత్త అంటోంది. నాకేమీ తోచడం లేదమ్మా.

– ఒక సోదరి

తల్లీ,

ఇది చదవగానే ముందు ఆ రక్తపరీక్షకు వెళ్లు. మీ ఆయన రాలేకపోతే అత్తనే వెంట తీసుకెళ్లు. మిగతావన్నీ తరువాత.

మీ ఇంట్లో జాగ్రత్త లేదని కాదు, ఉంది. అది ఉండాల్సిన చోట లేదు. పాపను ఎత్తుకోకూడదన్న మాటను అందరూ గట్టిగా పట్టుకున్నారు, రక్తపరీక్షను వదిలేశారు. ఎత్తుకోవద్దన్నది కొన్నాళ్ల మాట. ఆపరేషన్ కోసం కోసిన రొమ్ము ఎముక గట్టిగా అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నువ్వు ఆ గడువు చివరికి వచ్చేస్తున్నావు. డాక్టరు ఛాతీ చూసి సరేనంటే పాపను నీ చేతులతో నువ్వే ఎత్తుకుంటావు. రక్తం పలచబడే మాత్ర అలాంటిది కాదు. మెటల్ వాల్వు ఉన్నన్నాళ్లూ, అంటే జీవితాంతం, వేసుకోవాలి.

పి.టి. ఐ.ఎన్.ఆర్. అని చీటీలో రాస్తారే, అదే ఆ పరీక్ష. మైట్రల్ చోట మెటల్ వాల్వు వేసినవాళ్లకు ఆ అంకె మామూలుగా 2.5కూ 3.5కూ మధ్య ఉండాలంటారు. నీకెంత ఉండాలో నీ డాక్టరు చెబుతారు. బాగా తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టి అది ఇరుక్కుపోవచ్చు, గడ్డ మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. బాగా పెరిగితే రక్తస్రావం. బయటికి ఏమీ తెలియకుండానే అంకె మారిపోతుంది, అందుకే బాగానే ఉన్నాను కదా అని పరీక్ష మానకూడదు. దీనికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు. పక్కనే పుట్టపర్తిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్న ఆసుపత్రి ఉంది. నీకు ఆపరేషన్ చేసినచోట అడిగితే దగ్గర్లో ఎక్కడ చేయించుకోవాలో చెబుతారు.

ఆకుకూరలు మానొద్దు. వాటిలోని విటమిన్ కె ఆ మాత్రకు ఎదురు పనిచేస్తుందన్నది నిజం. అయితే ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తినడమే ప్రమాదం. వారానికి ఎన్నిసార్లు తినేదానివో ఎప్పుడూ అన్నిసార్లే తిను. మళ్లీ మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పు, మాత్ర మోతాదు చూసుకుంటారు. కాయం మాత్రం ఆపెయ్. అందులో ఏ దినుసు ఈ మాత్రతో ఏం చేస్తుందో ఇంట్లో చేసినవాళ్లు చెప్పలేరు. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు, వాటిలో కొన్ని రక్తస్రావం తెస్తాయి.

పాలు దొంగచాటుగా ఇవ్వాల్సిన పనే లేదు తల్లీ! రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ మాత్ర తల్లిపాలలోకి దాదాపుగా రాదు, అసిట్రోమ్ కూడా అంతే. మిగతా మందుల చీటీ డాక్టరుకు చూపించి, అత్త ఎదుటే అడుగు. ఆ మాట ఆమె చెవిన పడితేనే ఇంట్లో నీకు సుఖం. పాపను ఎత్తుకోవచ్చని డాక్టరు అనేదాకా వీపుకు ఆనుడున్న కుర్చీలో కూర్చో, ఒళ్లో దిండు పెట్టుకో, అత్త పాపను తెచ్చి దాని మీద పడుకోబెడుతుంది. నేల మీది నుంచి, ఉయ్యాల్లోంచి వంగి తియ్యకు. పాలు పట్టడం, పాట పాడటం, ఒళ్లు తుడవడం, నిద్రపుచ్చడం, ఇవన్నీ కూర్చునే చెయ్యొచ్చు. ఐదో నెల బిడ్డ ఎక్కువ ఎత్తుకున్నవాళ్ల వైపు చెయ్యి చాస్తుంది. అంతమాత్రాన నిన్ను మరిచిపోయినట్టు కాదు.

ఆ టిక్కుటిక్కు వాల్వు తెరుచుకుని మూసుకుంటున్న చప్పుడు. అది వినిపించడం మంచిదే. ఎప్పుడైనా అది మందగించినా, వినిపించకపోయినా, ఆయాసం తిరగబెట్టినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా 108కి ఫోన్ చెయ్యి. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా అదే రోజు డాక్టరుకు చూపించుకో. అయినా నిద్ర పట్టక, ఏడుపు ఆగక, దేనిమీదా మనసు పోకపోతే అదీ డాక్టరుకు చెప్పు. కాన్పు తరువాత వచ్చే దిగులుకూ వైద్యముంది.

పాప పుట్టిన వేళ గురించి అనేవాళ్లకు ఈ మాట చెప్పు. మన దగ్గర ఈ వయసులో మైట్రల్ వాల్వు ఇలా పూసుకుపోతే కారణం చాలావరకు చిన్నప్పటి రుమాటిక్ జ్వరమే. గొంతునొప్పితో మొదలై, కీళ్లు వాచి, అదే తగ్గిపోయిందనుకున్న జబ్బు ఏళ్లతరబడి వాల్వును తినేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, అప్పుడు ఆ దారి చాలక ఆయాసం వస్తుంది. ఆ పసిదాన్ని కడుపున మోసినందువల్లే నీ జబ్బు బయటపడి వైద్యం అందింది. ఆ రుమాటిక్ జ్వరానికి పెన్సిలిన్ సూది రాసి ఉంటే మానకు. పన్ను పీకించుకోవాల్సి వస్తే వాల్వు సంగతి ముందే చెప్పు.

వచ్చే ఏడు మగపిల్లాడన్న మాటకు మాత్రం ఇప్పుడే అడ్డుకట్ట వెయ్యాలి. ఈ మాత్ర కడుపులోని బిడ్డకు, ముఖ్యంగా తొలి నెలల్లో, హాని చేయగలదు. బిడ్డ కోసమని సొంతంగా ఆపితే వాల్వు మీద గడ్డకట్టి నీ ప్రాణానికే ముప్పు. మళ్లీ బిడ్డ కావాలో వద్దో, కావాలంటే ఎప్పుడో, ముందుగా గుండె డాక్టరుతో, కాన్పుల డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. పాలిస్తున్నా కదా గర్భం రాదులే అనుకోవద్దు. మామూలు గర్భనిరోధక మాత్రలు చాలావాటిలో రక్తం గడ్డకట్టే గుణం పెంచే హార్మోను ఉంటుంది, నీకు అవి పనికిరావు. నీకు సరిపడే పద్ధతి ఏదో డాక్టరును అడగాలి. అది అడగడానికి మీ ఆయన ఒకరోజు మగ్గం ఆపి నీతో రావాలి. ఈ ఉత్తరమూ జవాబూ ఈ వారం ఇంటికి రాగానే అతని చేతికివ్వు.