నల్లమందు నుండి ఫెంటనిల్ వరకు

గసగసాల మొక్క పచ్చికాయపై గాటు పెడితే కారే పాలు ఆరి నల్లబడినప్పుడు, ఆ ముద్దనే తెలుగువారు నల్లమందు అన్నారు. (వంటింట్లోని గసగసాలు ఆ మొక్క గింజలే, కూరలో వేసుకొనేవారు కంగారు పడనక్కరలేదు.) 19వ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో సెర్టూర్నర్ దాని నుండి మార్ఫిన్‌ను వేరుచేశాడు. నొప్పిని హరిస్తూ వ్యసనాన్ని కలిగించని మార్ఫిన్ కోసం రసాయన శాస్త్రజ్ఞులు నాటి నుండి వెదుకుతూనే ఉన్నారు. 1898లో హెరాయిన్ దగ్గుమందుగానే బజారుకు వచ్చింది!

అమెరికాలోని నేటి విపత్తుకు మూలం కూడా మందుల చీటీయే. ఆసుపత్రిలో ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి ఔషధాలు, పొందిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కలిగిందని 1980లో ఒక వైద్యపత్రికలో చిన్న లేఖ వెలువడింది. ఆసుపత్రి పడకపై ఉన్నవారి లెక్కను ఇంట్లో నెలల తరబడి మాత్రలు మింగేవారికి అన్వయించడం శాస్త్రం కాదు. అయినా ఎందరో దానినే ప్రమాణంగా చూపారు. 1996లో ఆక్సీకాంటిన్ వచ్చింది. దాని వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి ప్రచారం చేసిన నేరాన్ని పర్డ్యూ వర్గానికి చెందిన కంపెనీ 2007లో అంగీకరించింది. మాత్రలు దొరకనివారు కొందరు హెరాయిన్‌కు మళ్ళారు. 2013 తరువాత అక్రమ ఫెంటనిల్ వ్యాపించింది. 2022లో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించిన సుమారు 1,08,000 మందిలో దాదాపు 82,000 మంది విషయంలో ఓపియాయిడ్ల పాత్ర ఉన్నది. తరువాత ఈ సంఖ్య తగ్గుముఖం పట్టింది.

ఫెంటనిల్ మార్ఫిన్ కంటె 50 నుండి 100 రెట్లు శక్తిమంతం. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయవచ్చు. అంత సూక్ష్మమైన పొడిని మాత్రలన్నిటిలో సమంగా కలపడం మంచి ప్రయోగశాలలోనే కష్టం. దొంగమాత్రలు చేసేవాడికి ఆ పట్టింపే లేదు. ఒక మాత్ర ఏమీ చేయకపోవచ్చు, పక్కదే చంపవచ్చు.

చంపేది శ్వాస ఆగిపోవడం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మెదడు మూలం ఊపిరి తీయమని ఆజ్ఞాపిస్తుంది. ఓపియాయిడ్ ఆ ఆజ్ఞను అణచివేస్తుంది. అలవాటు పడిన శరీరం కొంత తట్టుకొంటుంది గాని, మానివేసిన కొద్ది వారాలలోనే ఆ శక్తి పోతుంది. పరువు పోతుందని బిడ్డ సంగతి దాచి, కొన్ని నెలలు ఇండియాలో తాతగారింట ఉంచితే చాలుననుకొనే తల్లిదండ్రులు ఈ విషయం తెలుసుకోవాలి. తిరిగి వచ్చి పాత మోతాదే తీసుకొంటే, ఆ శరీరం దానిని తట్టుకోలేదు.

బుప్రెనార్ఫిన్, మెథడోన్ చికిత్సను ఒక మత్తుకు బదులు మరొక మత్తు అని ఈసడించడం పొరపాటు. అవి మెదడులోని గ్రాహకాలను నిలకడగా ఆక్రమించి, తపనను తగ్గిస్తాయి, మరణాలనూ తగ్గిస్తాయి. బుప్రెనార్ఫిన్ వ్రాయడానికి ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన 2022 చివరి చట్టంతో తొలగింది.

జ్ఞానదంతం తీయించినప్పుడు మిగిలిన మాత్రలను అలమరలో ఉంచక, మందుల దుకాణాలలోని సేకరణ పెట్టెలలో వేయాలి. ఇంట్లో ఉంచదగినది నాలోక్సోన్. అది అదే గ్రాహకాన్ని మరింత గట్టిగా పట్టుకొని ఓపియాయిడ్‌ను నెట్టివేస్తుంది, తాను మాత్రం మత్తు కలిగించదు. 2023 నుండి దాని ముక్కు స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతున్నది. పెదవులు నీలబడి, కంటిపాప సూదిమొనలా కుంచించి, పిలిచినా లేవనివారికి ఒక ముక్కురంధ్రంలో కొట్టి, 911కు ఫోన్ చేయాలి. రెండు మూడు నిమిషాలలో ఊపిరి తిరిగి రాకుంటే రెండవది కొట్టాలి. నాలోక్సోన్ ప్రభావం 30 నుండి 90 నిమిషాలే. లోపలి మత్తు అంతకన్న ఎక్కువసేపు ఉండవచ్చు. కనుక లేచి కూర్చున్నా, వైద్యసిబ్బంది వచ్చేవరకు ఒంటరిగా వదలరాదు.